బండ్లమోటు కొండ చెప్పే చరిత్ర

ఎత్తిపోతల దగ్గర చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. వచ్చినవాళ్లు నీళ్లను చూసి పోతారు, నీటి వెనకాల రాయిని చూసేవాళ్లు తక్కువ. మన పిల్లలకు రాయిని చదవడం కూడా నేర్పాలని మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. ఎందుకంటే ఇదే పల్నాడులో, బొల్లాపల్లి మండలం కొండల్లో, ఒక గని పుట్టింది, కొన్నేళ్లు నడిచింది, మూతపడింది. అదే బండ్లమోటు సీసం గని. అగ్నిగుండాల గని అని కూడా అంటారు.

ముందు రాయి సంగతి. మాచర్ల వైపు పొరలు పొరలుగా కనిపించే సున్నపురాయి ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నది. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది దానికోసమే. బండ్లమోటు రాళ్లు అంతకన్నా పాతవి. కడప బేసిన్‌లో, నల్లమల శ్రేణిలో, కంభం పొరలకు చెందినవి. వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. అప్పటికి నేలమీద చెట్టూ లేదు, జంతువూ లేదు.

ఆ పొరల్లో డోలమైట్ ఉంది. సున్నపురాయికి దగ్గరి చుట్టం, మెగ్నీషియం కలిసి ఉంటుంది. ఇలాంటి రాళ్లలోకి లోహాలు చేరేది నీటి ద్వారానే. భూమి లోపల వేడెక్కిన ఉప్పునీరు లోహాలను కరిగించుకుని, పగుళ్ల వెంట వచ్చి, గంధకం తగిలినచోట వాటిని వదిలేస్తుంది. సీసం గంధకంతో కలిస్తే గెలీనా, జింకు కలిస్తే స్ఫాలరైట్. ఈ రెండూ చాలాచోట్ల జంటగా దొరుకుతాయి. బండ్లమోటులో మాత్రం సీసానిదే పైచేయి. దగ్గరలోని నల్లకొండలో రాగి, ధూకొండలో రాగీ సీసమూ ఉన్నాయి.

గెలీనాను గుర్తుపట్టడం తేలిక. ఉక్కులా మెరుస్తుంది, విరిస్తే పాచికల్లా విరుగుతుంది. నీటికన్నా ఏడున్నర రెట్లు బరువు. శుద్ధమైన గెలీనాలో నూటికి 86 పాళ్లు సీసమే.

ఇక మనుషుల సంగతి. స్వాతంత్ర్యం తర్వాత భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఈ కొండలను వెతికిందని చదువుతాం. కానీ వాళ్లకంటే ముందే ఇక్కడ పాత తవ్వకాలు ఉన్నాయి. యంత్రం లేకుండా, రాయి రంగునూ బరువునూ బట్టి లోహాన్ని పసిగట్టిన మనుషులు వాళ్లు. వాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. అగ్నిగుండాల అనే పేరు వినగానే కొలుములు గుర్తొస్తాయి. పేరొక్కటే సాక్ష్యం కాదని మాకు తెలుసు. కానీ తవ్విన గుంత అబద్ధం చెప్పదు.

తర్వాత, అప్పట్లో ప్రభుత్వరంగ సంస్థగా ఉన్న హిందుస్థాన్ జింక్ ఇక్కడ సీసం గని నడిపింది. ఇలాంటి గనుల్లో రాయిని పిండిచేసి, నీటిలో నురగ తేల్చి, లోహమున్న పొడిని వేరుచేసి కరిగించే కర్మాగారానికి పంపుతారు. మిగిలిన పిండి గని పక్కనే గుట్టపడుతుంది. లోహం ధర తవ్వే ఖర్చుకు సరిపోకపోతే ఏ గనీ నిలవదు. అప్పుడు పని పోతుంది, గుట్ట మిగులుతుంది.

మనం తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పల్నాడులోని చెంచు గూడేలు, సుగాలి తండాలు ఐదో షెడ్యూలులో లేవు. ఆ తీర్పు నీడ మన మీద పడదు. మనకున్న ఆసరా 2006 అటవీ హక్కుల చట్టం. అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది అదే. రేపు మళ్లీ ఎవరైనా రాయి కోసం వస్తే, గ్రామసభలో లేచి అడగాల్సింది మన పిల్లలే. ఏం తవ్వుతారు, పిండి ఎక్కడ పోస్తారు, నీళ్లు ఎటు పోతాయి అని అడగాలంటే రాయి తెలిసుండాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలను కొండకు తీసుకెళ్లండి. సున్నపురాయి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది, డోలమైట్ మీద అంతగా పొంగదు. ఆ తేడా చూపించండి. పాత సొరంగాల్లోకి మాత్రం వెళ్లనివ్వొద్దు. గెలీనా ముక్కలను ఇంటికి తేనివ్వొద్దు, చేతులు కడిగించండి. సీసం పిల్లల మెదడుకు విషం.

పాత గుంతలు తవ్విన వాళ్ల పేర్లు పోయాయి. ఈసారి కొండ చరిత్రను మన పిల్లల చేతే రాయిద్దాం.