వెండి సిరాతో అచ్చొత్తిన ఏరియల్

అయ్యలారా, ఒకప్పుడు గ్రామ రేడియోకై ఇంటికప్పుపై కట్టిన ఏరియల్ తీగ మీకు జ్ఞాపకముండును. తీగను సిరాతో అచ్చొత్తవచ్చునన్న నమ్ముదురా?

1945 నాటికి అమెరికాలో, మిల్వాకీ నగరపు సెంట్రలాబ్ వారు వెండిపొడి కలిపిన రంగును పట్టుజాలి గుండా పింగాణి పలకపై ముగ్గువలె అచ్చొత్తి కొలిమిలో కాల్చిరి. ఆ పింగాణికి మూలము మనము దిద్దిన బలపపురాయియే! జిగురు కాలిపోగా వెండిరేణువులు ఒకదానినొకటి అంటుకొనెను; గీతయే తీగ యయ్యెను. ఈ నేర్పు మోర్టారు గుండును లక్ష్యము చేరువనే ప్రేల్చు యంత్రమునకై వినియోగింపబడినదని తలచిన నా మనసు చివుక్కుమనును.

తరువాత అట్టి పద్ధతియే కారు వెనుక అద్దమునకు వచ్చినది. అందలి సన్నని గీతలలో కొన్ని మంచును కరగించును, కొన్ని రేడియో పాటను పట్టును. పట్టణమునకు పోయినపుడు పరికింపుడు. గోటితో మాత్రము గీకకుడు, గీత తెగిన ఏరియల్ తెగినట్లే.