పిరనీస్ కనుమలు: వేడినీటి బుగ్గల బాట నుంచి సైకిల్ బాట దాకా

ఫ్రాన్స్, స్పెయిన్ దేశాలకు సరిహద్దుగా అట్లాంటిక్ తీరం నుంచి మధ్యధరా తీరం దాకా సుమారు 430 కిలోమీటర్లు సాగే పర్వతశ్రేణి పిరనీస్. ఫ్రాన్స్ వైపున నదులు కొండల్లో పుట్టి ఉత్తరానికి పారుతూ లోయలు ఏర్పరిచాయి. ఒక లోయవాళ్లు పక్క లోయకు పోవాలంటే మైదానానికి దిగి చుట్టూ తిరిగి రావాలి. లేదా మధ్యనున్న గట్టును కనుమ దగ్గర ఎక్కి దిగాలి. పేరసూర్ద్ (1,569 మీటర్లు), ఆస్పాన్ (1,489), టూర్మాలే (2,115), సూలోర్ (1,474), ఓబిస్క్ (1,709) అలాంటి కనుమలు. సైకిల్ మీద కొండలెక్కేవాళ్లకు ఈ పేర్లు ప్రపంచమంతటా తెలుసు. అయితే ఈ ఘాట్ రోడ్లు సైకిళ్ల కోసం పుట్టలేదు. రోగం నయం చేసుకోవడానికి వచ్చేవాళ్ల కోసం వేసిన దారులను తర్వాతి తరాల సైకిలిస్టులు తమవి చేసుకున్నారు.

మొదట ఇవి పశువుల కాపరుల దారులు. వేసవి మొదలవగానే లోయల్లోని ఆవులనూ గొర్రెలనూ ఎగువ పచ్చికబయళ్లకు తోలుకుపోయి, చలి ముదిరే లోపు దింపుకొచ్చేవారు. ఆ ఆనవాయితీ నేటికీ ఉంది. వేసవిలో ఈ రోడ్ల మీద వెళ్లేవాళ్లకు మందలు అడ్డు రావడం మామూలే.

దారులకు రాజధాని దాకా పేరు తెచ్చినవి వేడినీటి బుగ్గలు. బరేజ్, కోతరే, ఓబోన్, లుషోన్ ఊళ్లలో గంధకం కలిసిన నీరు ఊరుతుంది. గాయాలకూ, ఎముకల జబ్బులకూ, ఊపిరితిత్తుల బాధలకూ ఆ నీరు మందని జనం నమ్మేవారు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ కొడుకు, కాలు అవిటిదైన మేన్ ప్రభువును చిన్నతనంలో 1675లో బరేజ్‌కు తీసుకువచ్చారు. వెంట వచ్చిన సంరక్షకురాలు మదాం ద మంతెనోన్ తర్వాతి కాలంలో ఆ రాజుకే భార్య అయింది. ఆ రాకతో బరేజ్‌కు గిరాకీ పెరిగింది. గాయపడ్డ సైనికుల కోసం అక్కడ ఆసుపత్రి కూడా వెలిసింది.

19వ శతాబ్దంలో డబ్బున్న కుటుంబాలు వేసవికి బుగ్గల ఊళ్లకు వచ్చి ఉండడం రివాజైంది. చక్రవర్తి మూడో నెపోలియన్, చక్రవర్తిని యూజెనీ 1859లో టూర్మాలే పడమటి పాదాన ఉన్న సెం సొవర్‌లో బస చేశారు. ఓబోన్ నుంచి లుషోన్ దాకా బుగ్గల ఊళ్లను గుర్రపుబండి పోగల రోడ్డుతో కలపాలన్న పథకం ఆయన ప్రభుత్వ కాలంలోనే నడిచింది. దానికి ‘రూత్ తెర్మాల్’, అంటే వేడినీటి బుగ్గల బాట అని పేరు. టూర్మాలే మీదుగా బండ్లదారి 1864లో సిద్ధమైంది. ఓబిస్క్, సూలోర్ కనుమల నడుమ లితోర్ అనే చోట నిట్టనిలువు కొండను తొలిచి, చిన్న సొరంగాలు తవ్వి రోడ్డును పోనిచ్చారు.

నిండు బండిని గుర్రాలు ఆగకుండా లాగాలంటే వాలు ఒక హద్దు దాటకూడదు. అందుకే ఇంజినీర్లు రోడ్డును నేరుగా ఎక్కించక మలుపులు తిప్పుతూ పొడిగించారు. లూజ్ నుంచి టూర్మాలే ఎక్కే దారి 19 కిలోమీటర్లు. సగటున వంద మీటర్లకు ఏడున్నర మీటర్ల దాకా ఎత్తు పెరుగుతుంది. లరున్స్ నుంచి ఓబిస్క్ ఎక్కే 16 కిలోమీటర్ల పైచిలుకు దారి వాలూ దాదాపు అంతే. గుర్రపుబండికి సరిపోయిన ఈ కొలత మనిషి తొక్కే సైకిల్‌కూ సరిపోయింది: కష్టమే కానీ అసాధ్యం కాదు. ఈ కనుమలు సైకిలిస్టులకు దక్కడానికి అసలు కారణం ఇక్కడే ఉంది.

లుషోన్‌కు 1873లో రైలు వచ్చింది. మిగతా లోయల్లోకీ రైలు చేరేకొద్దీ, బుగ్గల ఊళ్లకు వెళ్లేవాళ్లకు కనుమలు దాటే అవసరం తగ్గింది. ఆ కాలంలోనే సైకిల్ నేటి రూపానికి వచ్చింది. రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, గొలుసుతో నడిచే సైకిల్‌ను ఇంగ్లండ్‌లో స్టార్లీ 1885లో తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. సైకిల్ యాత్రలను ప్రోత్సహించడానికి ఫ్రాన్స్‌లో 1890లో టూరింగ్ క్లబ్ ఏర్పడింది. సెంత్ ఎత్యెన్ పట్టణంలో ‘వెలోసియో’ అనే కలం పేరుతో పత్రిక నడిపిన పోల్ ద వివీ, కొండలెక్కడానికి గేర్లు మార్చుకునే వీలు ఉండాలని జీవితమంతా వాదించాడు. టూరింగ్ క్లబ్ 1902లో యాత్రా సైకిళ్లను టూర్మాలే మీద పరీక్షకు పెట్టింది. ‘లోతో’ పత్రిక సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ మాత్రం గేర్లు వయసు మళ్లినవాళ్లకేనని, పోటీదారు కండబలంతోనే గెలవాలని పట్టుబట్టాడు.

తన పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి దెగ్రాంజ్ 1903లో టూర్ ద ఫ్రాన్స్ పోటీ మొదలుపెట్టాడు. దాన్ని పిరనీస్ పెద్ద కనుమల మీదుగా నడపాలన్న ఆలోచన సహోద్యోగి అల్ఫోన్స్ స్తెనెస్‌ది. 1910 పోటీకి ముందు స్తెనెస్ టూర్మాలే చూడటానికి కారులో బయల్దేరాడు. శిఖరానికి చేరకముందే మంచు అడ్డుపడితే కారు వదిలి చీకట్లో నడిచాడు. చివరికి వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఆయనను బరేజ్ చేర్చారు. అయినా టూర్మాలే దాటానని, రోడ్డు చాలా బాగుందని దెగ్రాంజ్‌కు తంతి పంపాడు. ఆ తంతితో దెగ్రాంజ్ సంకోచం తీరింది.

1910 జూలై 21న లుషోన్ నుంచి బయోన్‌కు 326 కిలోమీటర్ల దశ తెల్లవారకముందే మొదలైంది. పేరసూర్ద్, ఆస్పాన్, టూర్మాలే, ఓబిస్క్ నాలుగూ ఒకే రోజు ఎక్కాలి. రోడ్డంతా రాళ్లూ మట్టీ. సైకిళ్లు బరువైనవి, తొక్కుతుండగా గేరు మార్చే వీలు లేదు. చాలామంది దిగి సైకిల్ నెట్టుకుంటూ ఎక్కారు. టూర్మాలే శిఖరాన్ని ఆక్తావ్ లపీజ్ ముందుగా దాటాడు. ఎక్కడా కాలు కింద పెట్టకుండా తొక్కి ఎక్కినవాడు గుస్తావ్ గరీగు; అందుకు ప్రత్యేక బహుమతి అందుకున్నాడు. ఓబిస్క్ పైకి మొదట చేరినవాడు ఆ ప్రాంతపువాడే అయిన లఫుర్కాద్. తర్వాత వచ్చిన లపీజ్, నిర్వాహకులను చూసి మీరు హంతకులని అరిచాడు. అయినా పద్నాలుగు గంటలకు పైగా తొక్కి ఆ దశ గెలిచాడు. ఆ ఏటి టూర్ కూడా ఆయనదే. మొదటి ప్రపంచయుద్ధంలో విమానచోదకుడిగా పోరాడుతూ 1917లో మరణించాడు.

1913లో యూజెన్ క్రిస్తోఫ్ టూర్మాలే దిగుతుండగా ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. బయటివారి సాయం తీసుకోకూడదన్నది నిబంధన. సైకిల్ భుజాన వేసుకుని, పదికి పైగా కిలోమీటర్లు నడిచి సెంత్ మరీ ద కంపాన్ ఊరు చేరాడు. కమ్మరి కొలిమి దగ్గర తన చేతులతోనే ఫోర్కు అతికించుకున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూశారు. తిత్తి ఊదడానికి ఒక కుర్రాడి సాయం తీసుకున్నందుకు జరిమానా కూడా వేశారు. గెలిచే అవకాశం ఆయనకు అక్కడే పోయింది. ఆ కొలిమి ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట శిలాఫలకం ఉంది.

ఆ కాఠిన్యం నెమ్మదిగా సడలింది. కనుమలు ఎక్కడంలో మేటి ఎవరో తేల్చే బహుమతిని 1933లో పెట్టారు. మొదట గెలిచినవాడు స్పెయిన్‌కు చెందిన విసెంతె త్రుయెబా. గేర్లు మార్చే పరికరాన్ని టూర్‌లో 1937లో అనుమతించారు. వెలోసియో అప్పటికి ఏడేళ్ల క్రితమే కన్నుమూశాడు. ఎక్కడం కాస్త తేలికైనా దిగడంలో ప్రమాదం తప్పలేదు. 1951లో, పోటీలో మొత్తం మీద ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీలో ఉన్న డచ్ ఆటగాడు విమ్ వాన్ ఎస్ట్ ఓబిస్క్ దిగుతూ లోయలో పడ్డాడు. టైర్లు ముడివేసి తాడు చేసి ఆయనను పైకి లాగారు. 1995లో పోర్తె దాస్పే కనుమ దిగుతూ పడి ఇటలీ ఆటగాడు ఫాబియో కాసార్తెల్లి ప్రాణాలు కోల్పోయాడు. అక్కడ స్మారకం నిలిపారు. 2003 నుంచి ఈ పోటీల్లో హెల్మెట్ తప్పనిసరైంది.

పోటీ ఏడాదికి ఒకసారి వచ్చిపోతుంది. మిగతా రోజుల్లో ఈ దారులను బతికించేది మామూలు సైకిలిస్టులు. అట్లాంటిక్ తీరంలోని అందాయ్ నుంచి మధ్యధరా తీరంలోని సెర్బేర్ దాకా 700 కిలోమీటర్లకు పైగా, పద్దెనిమిది కనుమల మీదుగా వంద గంటల లోపు తొక్కే ‘రేడ్ పిరనెయెన్’ యాత్రను పో పట్టణపు సైకిల్ క్లబ్ నిర్వహిస్తోంది. టూర్ దశల్లో ఒకదాన్ని సామాన్యులు కూడా తొక్కే ‘ఎతాప్ ద్యు టూర్’ 1993లో పిరనీస్‌లోనే మొదలైంది. టూర్మాలే శిఖరాన సైకిల్ తొక్కుతున్న భారీ లోహవిగ్రహానికి లపీజ్ పేరే పెట్టారు. చలికాలం ముందు దాన్ని కిందికి దించుతారు. వేసవి తొలినాళ్లలో సైకిలిస్టులు వెంట రాగా మళ్లీ పైకి చేరుస్తారు. ప్రతి కిలోమీటరుకూ రోడ్డు పక్కన నిలిపిన పలకల మీద శిఖరం ఇంకెంత దూరమో, రాబోయే కిలోమీటరులో వాలు ఎంతో రాసి ఉంటుంది. 2023లో మహిళల టూర్ ద ఫ్రాన్స్ టూర్మాలే శిఖరాన ముగిసే దశను నిర్వహించింది. డెమీ వోలెరింగ్ గెలిచింది.

ఈ రోడ్లను నిలుపుకోవడం అంత తేలిక కాదు. ఎత్తయిన కనుమలు మంచు వల్ల చలికాలమంతా మూసి ఉంటాయి. 2013 జూన్ వరదల్లో లూజ్, బరేజ్ ఊళ్ల మధ్య రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోతే, మళ్లీ నిర్మించాల్సి వచ్చింది. ఇంత ఖర్చుకూ శ్రమకూ ఓర్చి లోయల్లోని పాలకసంస్థలు ఈ దారులను కాపాడుతున్నాయి. బుగ్గల స్నానాలు, మంచు ఆటలతో పాటు సైకిల్ యాత్ర కూడా ఇప్పుడు ఆ ఊళ్లకు బతుకుతెరువు.