పండుగ బస్సులో చోటు

కృష్ణా మండలపు దివిసీమలోని చల్లపల్లికి రైలు లేదు. కావున సంక్రాంతికి హైదరాబాదునుండి స్వగ్రామము చేరగోరు దివిసీమ వారికి బస్సే శరణ్యము. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో ఆరంభించిన రవాణాశాఖయే, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొంది, అంతవఱకు ప్రైవేటు యజమానుల బస్సులు తిరిగిన కృష్ణా మండలమునకును క్రమముగా విస్తరించెను. పండుగ దినములలో రిజర్వేషను కౌంటరువద్ద గంటలకొలది నిలిచి టిక్కెట్టు సంపాదించినవాడు ధన్యుడు. తక్కినవారు ఎట్లో విజయవాడ చేరి, బస్సు ఆగకమునుపే కిటికీలోనుండి తువ్వాలు విసరి చోటు పట్టెడివారు. ఆ తువ్వాలునకుగల ప్రామాణ్యము ఏ రసీదునకును లేదని నా యభిప్రాయము. దానిని తొలగించి కూర్చున్న సాహసి ఉయ్యూరు దాటువఱకును తిట్లు తినవలసినదే. నేడు ఫోనులోనే సీట్లు అమ్ముడగుచున్నవి, స్పెషలు బస్సులును వేయుచున్నారు. అయినను భోగి ముందటి రాత్రికి కిటికీప్రక్క సీటు దుర్లభము.