రూలు పాటించినవాళ్ళు క్షమాపణ ఎందుకు చెప్పాలి?

మొన్న మా అబ్బాయి బడినుంచి వస్తూనే ఒక ప్రశ్న వేశాడు. "నాన్నా, ఆఫీసర్లు రూలు ప్రకారమే చేశారు కదా, మరి ప్రధానమంత్రి సారీ ఎందుకు చెప్పాడు?" వాడడిగింది కొమగాటా మారు ఓడ గురించి. పొద్దస్తమానం కంప్యూటర్‌కి రూల్స్ రాసిపెట్టే నాకు వెంటనే జవాబు తట్టలేదు.

1914 మే 23న ఆ జపాన్ ఓడ 376 మందితో వాంకూవర్ చేరింది. చాలామంది పంజాబీ సిక్కులు. వాళ్ళూ, కెనడావాళ్ళూ ఒకే బ్రిటిష్ సామ్రాజ్యపు ప్రజలు. కానీ 1908నాటి రూలొకటి ఉంది: సొంత దేశంనుంచి ఎక్కడా ఆగకుండా రావాలి. ఇండియానుంచి అలా వచ్చే ఓడ సర్వీసే లేదు! రెండు నెలలు తిండికీ నీళ్ళకీ కటకటలాడాక, జులై 23న ఓడను వెనక్కి పంపేశారు. దిగనిచ్చింది ఇరవై పైచిలుకు మందినే.

మంచిచెడ్డలు తూచడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది కర్తవ్యం. "రూలుంది, పాటించాం" అన్నారు అధికారులు. కోర్టూ వాళ్ళవైపే తీర్పిచ్చింది. కానీ కర్తవ్యమే ప్రధానమన్న జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఇంకో ప్రశ్న వేస్తాడు: ఆ రూలు అందరికీ, నీకు కూడా, వర్తించాలని కోరుకోగలవా? పేరెత్తకుండా ఒక దేశంవాళ్ళను ఆపడానికి రాసిన రూలు అక్కడ నిలబడదు.

రెండోది ఫలితం. ఎక్కువమందికి మేలు జరిగిందా అని చూడటం. ఓడ వెళ్ళిపోతే ఊళ్ళో చాలామంది సంతోషించారు. ఓడలోవాళ్ళను మాత్రం లెక్కలో వేసుకోలేదు. సెప్టెంబర్ 29న కలకత్తా దగ్గరి బజ్‌బజ్‌లో జరిగిన కాల్పుల్లో సుమారు 20 మంది పోయారు.

మూడోది శీలం. మంచి మనిషి ఇక్కడుంటే ఏం చేస్తాడు? వాంకూవర్‌లోని మనదేశంవాళ్ళు చందాలేసుకుని ఓడ అద్దె బాకీ కట్టారు. ఎడ్వర్డ్ బర్డ్ అనే తెల్ల లాయరు ప్రయాణికుల తరఫున వాదించాడు.

1947లో ఆ రూలు పోయింది. 2016 మే 18న ప్రధాని ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

"రూలు పాటించడం సగం పనేరా. అది ఎవరిమీద పడుతోందో చూడటం మిగతా సగం" అన్నాను వాడితో. చెప్పానే గానీ, ఆ మధ్య ఒక పాట్‌లక్‌లో "మనం లైన్లో నిలబడి వచ్చాం, ఈ కొత్తవాళ్ళను ఆపాలి" అని ఎవరో అంటే తలూపింది నేనే. మనలాంటివాళ్ళకు తలుపు తెరిచిన పాయింట్ల పద్ధతి 1967లో గానీ రాలేదు. అంతకుముందు పుట్టుంటే నేనే లైన్లో ఉండేవాణ్ణి?

ఈసారి అలాంటి మాట వినబడితే మీరేమంటారో ఆలోచించండి. నేనూ ఆలోచిస్తున్నాను.