నూటికి నలభై

ఇటు వచ్చి చాలా రోజులైంది. మనుమరాలి చదువు నిమిత్తం ఆసుపత్రులకూ కార్యాలయాలకూ తిరగడంతోనే వేసవి గడిచిపోయింది.

అమ్మాయి ఒక్కసారి విన్న పాఠాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పగలదు. కలం పట్టిందంటే మాత్రం ఒత్తులు తారుమారౌతాయి, పంక్తి వంకర పోతుంది, గంటలో రాయవలసింది రెండు గంటలైనా పూర్తి కాదు. వైద్యులు దీనిని డిస్‌గ్రాఫియా అంటారు. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాలు ఇటువంటి అభ్యసన వైకల్యానికిచ్చే ధ్రువపత్రాన్ని పిల్లలు 14వ ఏట ఒకసారి, 18వ ఏట మరొకసారి పరీక్ష చేయించుకొని తిరిగి పొందాలన్నాయి. 18వ ఏట ఇచ్చినదే జీవితాంతం చెల్లుతుందన్నాయి. విశ్వవిద్యాలయంలో పరీక్షకు అదనపు సమయం కావాలన్నా, లేఖకుడు కావాలన్నా ఆ కాగితమే ఆధారం. అందుకే మా తిరుగుడు. ఒకచోట గుమాస్తా పిల్లను ఎగాదిగా చూసి, "చేతులు రెండూ బాగానే ఉన్నాయి కదండీ, ఇంకేం వైకల్యం?" అన్నాడు. నా కోడలికి కోపం వచ్చింది. నాకు రాలేదు. ఎందుకో చివర మనవి చేస్తాను.

ఇంటికి వచ్చాక ఈ కాగితం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనిపించింది. మనదేశంలో వికలాంగుల హక్కులకు సమగ్రమైన చట్టం 1995లో గాని రాలేదు. అది అమలులోకి వచ్చింది 1996 ఫిబ్రవరి 7న. అంతకు పూర్వం నేనెరిగిన బడులలో అంతా దయాధర్మం మీద నడిచేది. చూపులేని పిల్లవాడికి పరీక్ష రాసిపెట్టడానికి కింది తరగతి పిల్లవాణ్ణి వెతకడం, అర్జీలు పెట్టడం, ప్రధానోపాధ్యాయుడి మనసు ఎలా ఉందో చూసుకొని గదిలోకి వెళ్ళడం, ఇవన్నీ నేను చేసినవే.

1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. నూటికి నలభై పాళ్ళకు తక్కువ కాకుండా వైకల్యం ఉన్నదని వైద్యాధికారి ధ్రువపరిస్తేనే ఆ చట్టం దృష్టిలో వికలాంగుడు. ముప్పైతొమ్మిది పాళ్ళయితే కాడు! ఇక లేఖకుణ్ణి ఏర్పాటు చేయాలన్న 31వ విభాగం చూపులేనివారినీ చూపు మందగించినవారినీ మాత్రమే పేర్కొన్నది. చెయ్యి వణికేవాడి మాట అందులో లేదు. అక్షరం తలకిందులయ్యేవాడి సంగతి చట్టం మొత్తంలోనే లేదు.

ఇక్కడ పండితుడి చాపల్యం కొద్దీ ఒక మాట. 'వికలాంగుడు' బహువ్రీహి సమాసం: వికలమైన అంగము కలవాడు. అంగం కంటికి కనపడాలి, దాని లోపమూ కనపడాలి. మాటలోనే ఆ పట్టుదల ఉన్నది. 'దివ్యాంగుడు' అని మార్చినా అంగం మాత్రం వదలలేదు. మా గుమాస్తా చూసినది ఆ అంగం కోసమే. ఇటువంటిదే మరొకటి 'సదరం'. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైకల్యాన్ని పాళ్ళలో లెక్కకట్టి పత్రాలివ్వడానికి తెచ్చిన కంప్యూటరు విధానానికి పెట్టిన పొడవాటి ఆంగ్ల నామంలోని పొడి అక్షరాలు అవి. జనం నోట పడి, కచేరీలలో వినపడే 'సదరు'కు చుట్టమేమో అన్నంత తెలుగై కూర్చున్నది. సదరం క్యాంపు, సదరం కాగితం. 2014లో రాష్ట్రం రెండైన తరువాత కూడా ఆ పేరు రెండుచోట్లా వినపడింది.

2016 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం పెద్ద మలుపు. ఏడు వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి. అభ్యసన వైకల్యం అందులో చేరింది. 17వ విభాగం పరీక్షలో అదనపు సమయం, లేఖకుడి సదుపాయం, ద్వితీయ తృతీయ భాషల నుండి మినహాయింపు ఇవ్వాలన్నది. చివరి మాట చదివినప్పుడు తెలుగు చెప్పి బతికినవాడిగా గుండె కలుక్కుమన్నది. ఒక పిల్లవాడికి మేలు జరగాలంటే నా పాఠం తప్పించాలన్నమాట. ఆలోచించగా అందులోని న్యాయం బోధపడింది గాని, ఇష్టంగా ఒప్పుకున్నానని మాత్రం చెప్పలేను.

కొత్త చట్టం వచ్చినా 'నలభై' పీడ వెంటనే వదలలేదు. వికాస్ కుమార్ అనే వైద్య పట్టభద్రుడికి కలం పట్టగానే వేళ్ళు బిగుసుకుపోయే జబ్బు. 2018 సివిల్ సర్వీసుల పరీక్షకు లేఖకుణ్ణి ఇమ్మని అడిగితే, నలభై పాళ్ళ వైకల్యం లేదని నిరాకరించారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2021 ఫిబ్రవరి 11న న్యాయమూర్తి చంద్రచూడ్ రాసిన తీర్పు, లేఖకుడి సహాయానికి నలభై పాళ్ళ కొలత అవసరం లేదని తేల్చింది. రిజర్వేషను వంటివాటికి ఆ గీత ఉండవచ్చు, రాయలేనివాడికి రాయించే సాయానికి దానితో పని లేదని సారాంశం. దానిని అనుసరించి 2022 ఆగస్టులో నలభైకి తక్కువ ఉన్నవారికీ మార్గదర్శకాలు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానం ఈ సదుపాయాలు పాళ్ళతో నిమిత్తం లేకుండా అందరికీ అందాలని మళ్ళీ చెప్పవలసి వచ్చింది. మళ్ళీ చెప్పవలసి వచ్చిందంటే కింద ఏం జరుగుతున్నదో మీరే ఊహించుకోండి.

కాగితం ఉన్నా దక్కనివారూ ఉన్నారు. 2021 నీట్ పరీక్షలో అవని ప్రకాశ్ అనే అమ్మాయికి మా మనుమరాలి ఇబ్బందే, చేతిలో పత్రమూ ఉన్నది. పరీక్షా కేంద్రంలో అదనపు గంట ఇవ్వకుండా జవాబుపత్రం లాగేసుకున్నారు. అన్యాయం జరిగిందని న్యాయస్థానం ఒప్పుకున్నది, దిద్దమన్నది, తిరిగి పరీక్ష పెట్టమని మాత్రం అనలేదు. మన కృష్ణా జిల్లా బిడ్డ బొల్లా శ్రీకాంత్ కథ మీకు తెలిసే ఉంటుంది. కళ్ళు లేవని ఇంటర్మీడియట్‌లో సైన్సు ఇవ్వకపోతే కోర్టుకెక్కి సాధించి, ఆపైన అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివాడు. 2024లో ఆయన మీద హిందీ చిత్రమే వచ్చింది. అంత పట్టుదల పదహారేళ్ళ పిల్లలందరికీ ఉండాలనడం ఏం న్యాయం?

ఇప్పుడు గుమాస్తా సంగతి. 1991లో నా తొమ్మిదవ తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. గజేంద్రమోక్షం పద్యాలు వినడంతోనే పట్టేసేవాడు, గొంతెత్తితే తరగతి నిశ్శబ్దమయ్యేది. ఉక్తలేఖనంలో మాత్రం పేజీ నిండా తప్పులు. నోటికి వచ్చినది చేతికి రాదేమని, కావాలనే చేస్తున్నాడని, తప్పిన ప్రతి మాటనూ నూరుసార్లు రాయించాను. మెటికల మీద బెత్తంతో కొట్టాను కూడా. ఆ చేతులూ బాగానే ఉండేవి. పదవ తరగతి తెలుగులో తప్పాడు, మళ్ళీ బడికి రాలేదు.

మనుమరాలికి పత్రం చేతికి వచ్చిన వారం మా పాత ఊరు వెళ్ళాను. అతను బస్టాండు వెనుక మోటార్లకు తీగ చుట్టే దుకాణం నడుపుతున్నాడు. జుట్టు నెరిసింది. బల్ల తుడిచి కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. నేను వచ్చిన పని చెప్పలేక మనుమరాలి సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే మాస్టారూ, మా రోజుల్లో ఈ కాగితం దొరికేదాండీ?" అన్నాడు.

"లేదు నాయనా, అప్పటికి చట్టమే రాలేదు" అన్నాను.

అతను తల ఊపి, మోటారు దగ్గరకు జరిగి, ఆపిన చోటి నుండి తీగ చుట్టడం మొదలుపెట్టాడు.