కల్కి 2898 ఏ.డి. కథా, సాంకేతిక చర్చలు

కల్కి 2898 ఏ.డి. 2024 జూన్ 27న విడుదలైన తెలుగు విజ్ఞాన కల్పనా చిత్రం. దీనికి పూర్వకథగా బుజ్జి అండ్ భైరవ అనే యానిమేషన్ ధారావాహిక వెలువడినది. ఈ రెండింటిలోని కాలగణన, పురాణ పాత్రలు, యంత్రాల గురించి ప్రేక్షకులలో విస్తృతంగా చర్చలు జరిగాయి. ఆ చర్చలలోని ముఖ్యమైన అంశాలు, వాటికి సంబంధించిన పురాణ, శాస్త్ర విషయాలు ఈ వ్యాసంలో ఇవ్వబడినవి.

విజ్ఞాన కల్పనలపై అభిమానుల వాదోపవాదాలు సాధారణంగా యంత్రాల పనితీరు చుట్టూ, కథలోని పొంతన చుట్టూ తిరుగుతాయి. కల్కి విషయంలో మరొక ప్రశ్న కూడా ముందుకు వచ్చింది. కథకు ఆధారం మహాభారతం కాబట్టి, ఏది ఇతిహాసంలో ఉన్నది, ఏది చిత్రం కోసం కల్పించబడినది అన్నదే ఆ ప్రశ్న.

నేపథ్యం

చిత్రానికి నాగ్ అశ్విన్ దర్శకుడు. వైజయంతీ మూవీస్ పతాకంపై సి. అశ్వనీదత్ నిర్మించాడు. ప్రభాస్ భైరవగా, అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా, దీపికా పదుకొణె సుమతిగా, కమల్ హాసన్ సుప్రీం యాస్కిన్‌గా నటించారు. భూమిపై నీరు, పచ్చదనం కరువైన కాలంలో మిగిలిన నగరం కాశీ. దానిపై తలక్రిందులైన పిరమిడ్ ఆకారంలో కాంప్లెక్స్ అనే కట్టడం ఉంటుంది. సంపద అంతా అక్కడికే చేరుతుంది. పది లక్షల యూనిట్లు సంపాదించి ఆ కాంప్లెక్సులో ప్రవేశించాలన్నది భైరవ కోరిక.

భైరవకు తోడుగా ఉండే వాహనం బుజ్జి. దీనికి సొంత తెలివి, మాట ఉన్నాయి. బుజ్జికి నటి కీర్తి సురేష్ గొంతునిచ్చింది. ఈ ఇద్దరూ కలిసిన వైనాన్ని చెప్పే బుజ్జి అండ్ భైరవ ధారావాహిక మొదటి రెండు భాగాలు 2024 మే 31న, అంటే చిత్రం కంటే నాలుగు వారాల ముందు, అమెజాన్ ప్రైమ్ వీడియోలో విడుదలైనాయి. ధారావాహికను హైదరాబాదుకు చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ రూపొందించినది. ఛోటా భీమ్ కూడా ఈ సంస్థదే. చిత్రం మొదలయ్యేనాటికి బుజ్జి, భైరవ పాత స్నేహితులు. అందువలన ధారావాహికను చూసినవారికి, చూడనివారికి మధ్య ఈ పాత్రల అవగాహనలో తేడా కలిగినది.

తెలుగులో విజ్ఞాన కల్పనా చిత్రాలు తక్కువ. వాటిలో ప్రసిద్ధమైనది సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991 జూలై 18న విడుదలైన ఆదిత్య 369. అందులో కాలయంత్రం ద్వారా పాత్రలు శ్రీకృష్ణదేవరాయల కాలానికి (1526), తరువాత 2504వ సంవత్సరానికి ప్రయాణిస్తాయి. రాయలు పాలించినది 1509 నుండి 1529 వరకు కాబట్టి ఆ సంవత్సరం చరిత్రతో సరిపోతుంది. కల్కి చిత్రానికి సింగీతం మార్గదర్శకుడిగా వ్యవహరించాడు.

2898 సంవత్సరపు లెక్క

చిత్రం పేరులోని సంవత్సరం గురించి విడుదలకు ముందే ఊహాగానాలు సాగాయి. కథ మహాభారత కాలంలో మొదలై 6000 సంవత్సరాల తరువాత ముగుస్తుందని దర్శకుడు 2024లో వివరించాడు. సంప్రదాయ జ్యోతిష గణన ప్రకారం కలియుగం క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18న ప్రారంభమైనది. శ్రీకృష్ణ నిర్యాణంతో కలి ప్రవేశించినట్లు పురాణాలు చెబుతాయి. 6000 నుండి 3102 తీసివేస్తే 2898 వస్తుంది.

ఈ తీసివేతలో ఒక చిక్కు ఉన్నది. క్రీస్తు శకంలో సున్నా సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 తరువాత వెంటనే క్రీ.శ. 1 వస్తుంది. అందుచేత కలియుగంలో గడచిన సంవత్సరాలు, అనగా పంచాంగాలలో చెప్పే కలి గతాబ్దాలు, తెలియడానికి ఉగాది తరువాతి క్రీస్తు శక సంవత్సరానికి 3101 కలపాలి. చిత్రం విడుదలైన 2024లో గతాబ్దాలు 5125. ఇదే విధంగా 2898లో గతాబ్దాలు 5999 అవుతాయి. అంటే ఆ ఏటికి 6000 సంవత్సరాలు పూర్తి కావు, 6000వ సంవత్సరం నడుస్తూ ఉంటుంది. గతాబ్దాలు 6000 అయ్యేది 2899లో. కాబట్టి "కలియుగం 6000వ సంవత్సరం" అని చెబితే చిత్రం పేరు సరైనదే. "6000 సంవత్సరాలు గడిచిన తరువాత" అని చెబితే ఒక సంవత్సరం తేడా వస్తుంది.

రెండవ చిక్కు కురుక్షేత్రానికి సంబంధించినది. చిత్రం యుద్ధభూమిలో మొదలవుతుంది. మౌసల పర్వం ప్రకారం యుద్ధం జరిగిన 36వ ఏట యాదవ వినాశనం, శ్రీకృష్ణ నిర్యాణం జరిగాయి. ఆ లెక్కన యుద్ధం క్రీ.పూ. 3138 ప్రాంతానిది. అశ్వత్థామ నిరీక్షణ 6000 కంటే మరో ముప్పై అయిదేళ్ళు ఎక్కువ అవుతుంది. పై తేదీలన్నీ సంప్రదాయ గణనకు చెందినవి. చరిత్రకారులు, పురావస్తు పరిశోధకులు భారత యుద్ధానికి ఆధారమైన కాలాన్ని దీనికన్నా చాలా ఆలస్యంగా, సాధారణంగా క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది ఆరంభానికి దగ్గరగా ఉంచుతారు.

కలియుగ పరిమాణం

పురాణాల ప్రకారం కలియుగ పరిమాణం 1,200 దివ్య సంవత్సరాలు. ఒక దివ్య సంవత్సరం 360 మానవ సంవత్సరాలకు సమానం కాబట్టి ఇది 4,32,000 సంవత్సరాలు. కల్కి అవతారం కలియుగాంతంలో జరుగుతుందని భాగవతం, విష్ణు పురాణం చెబుతాయి. ఈ గణనలో 2898 నాటికి కలియుగంలో గడిచేది సుమారు 1.4 శాతం మాత్రమే. కల్కి అంత త్వరగా ఎలా జన్మిస్తాడన్నది విమర్శకులు వేసిన ముఖ్యమైన ప్రశ్న.

దీనికి సమాధానంగా కొందరు యుగాలకు తక్కువ పరిమాణం చెప్పే గణనలను చూపుతారు. శ్రీయుక్తేశ్వర్ గిరి 1894లో రచించిన కైవల్య దర్శనంలో దివ్య సంవత్సరాల గుణకారాన్ని తిరస్కరించి, కలియుగం 1,200 సంవత్సరాలేనని పేర్కొన్నాడు. అయితే ఆ గణన ప్రకారం కలియుగం 1700 ప్రాంతంలోనే ముగిసి ద్వాపరం ప్రవేశించినది. 2898 ద్వాపరంలో పడుతుంది. కాబట్టి ఈ వాదం కూడా చిత్రానికి తోడ్పడదు. 6000 అనే సంఖ్య చిత్రకథ కోసం ఎంచుకున్నదిగానే గ్రహించవలసి ఉన్నది.

కల్కి జన్మస్థలం శంభల అని భాగవతంలో ఉన్నది. తండ్రి పేరు విష్ణుయశుడు. తల్లి పేరు సుమతి అని కల్కి పురాణం చెబుతుంది. చిత్రంలో కల్కిని గర్భంలో మోసే స్త్రీకి ప్రయోగశాలలో ఇచ్చిన గుర్తు "ఎస్.యు.ఎం.-80". ఆమెకు సుమతి అనే పేరు ఆ గుర్తు నుండి వస్తుంది. అదే విధంగా బుజ్జి పేరు "బి.యు.-జె.జడ్.-1" అనే యంత్ర సంఖ్య నుండి ఏర్పడినది.

అశ్వత్థామ శాపం

అభ్యంతరాలు ఎక్కువగా వచ్చినది అశ్వత్థామ పాత్ర విషయంలో. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ నిద్రిస్తున్న ఉపపాండవులను వధిస్తాడు. తరువాత బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని పాండవ స్త్రీల గర్భాలపై ప్రయోగిస్తాడు. ఉత్తర గర్భంలోని శిశువును తాను బ్రతికిస్తానని చెప్పి శ్రీకృష్ణుడు అతడిని శపిస్తాడు. శరీరం నుండి రక్తం, చీము కారుతూ, పలకరించే తోడు లేక నిర్జన ప్రదేశాలలో తిరగవలసిందిగా చెప్పిన కాలం 3000 సంవత్సరాలు.

చిత్రంలో దీనికి మూడు మార్పులు కనిపిస్తాయి.

మొదటిది కాలం. శాపం 3000 సంవత్సరాలైతే 2898 నాటికి అది తీరి చాలా కాలం కావాలి. అయితే అశ్వత్థామ ఏడుగురు చిరంజీవులలో ఒకడు. రాబోయే సావర్ణి మన్వంతరంలో అతడు సప్తర్షులలో ఒకడవుతాడని విష్ణు పురాణం చెబుతుంది. శాపం తీరినా అతడు జీవించి ఉండడానికి పురాణాధారం ఉన్నది.

రెండవది శిరోమణి. భారతంలో ద్రౌపది ఆ మణిని కోరుతుంది. ఓడిపోయిన అశ్వత్థామ దానిని పాండవులకు అప్పగిస్తాడు. భీముడు తెచ్చి ఇచ్చిన మణిని ద్రౌపది కోరికపై ధర్మరాజు ధరిస్తాడు. చిత్రంలో మణిని తీసుకునేది శ్రీకృష్ణుడే. శక్తిమాన్ ధారావాహిక కథానాయకుడు, దూరదర్శన్ మహాభారతంలో భీష్మ పాత్రధారి అయిన ముఖేష్ ఖన్నా ఈ మార్పును బహిరంగంగా విమర్శించాడు.

మూడవది ప్రాయశ్చిత్తం. కల్కిని మోసే తల్లిని కాపాడే బాధ్యతను శ్రీకృష్ణుడు అశ్వత్థామకు అప్పగించడం భారతంలో లేదు. ఇది చిత్రంలోని కల్పన. గర్భస్థ శిశువును చంపబూనినవాడే మరొక గర్భస్థ శిశువుకు రక్షకుడు కావడం దీనిలోని అంతరార్థం. మూలకథను విడిచిపెట్టినా, మూలకథలోని నేరానికి తగిన ప్రాయశ్చిత్తంగా ఉన్నదని దీనిని సమర్థించేవారి అభిప్రాయం.

2024 జూలైలో కల్కి ధామ్ పీఠాధిపతి ఆచార్య ప్రమోద్ కృష్ణమ్ చిత్ర నిర్మాతలకు లీగల్ నోటీసు పంపాడు. కల్కి జన్మను చూపిన తీరు శాస్త్రాలకు విరుద్ధంగా ఉన్నదని ఆయన అభ్యంతరం.

కర్ణార్జున వివాదం

చిత్రం చివర భైరవకు కర్ణుడితో సంబంధం ఉన్నట్లు తెలుస్తుంది. యుద్ధ సన్నివేశాలలో ప్రభాస్ కర్ణుడిగా, విజయ్ దేవరకొండ అర్జునుడిగా కనిపిస్తారు. దీనితో కర్ణార్జునులలో అధికుడెవరన్న పాత వాదం తిరిగి మొదలైనది.

అర్జున పక్షం వారు ఘోషయాత్రను, ఉత్తర గోగ్రహణాన్ని ఉదాహరిస్తారు. ఘోషయాత్రలో గంధర్వుల చేతిలో కర్ణుడు ఓడి తొలగిపోగా, బందీ అయిన దుర్యోధనుడిని పాండవులు విడిపించారు. గోగ్రహణంలో అర్జునుడు కర్ణుడితో సహా కౌరవ వీరులందరినీ ఒంటరిగా ఓడించాడు. కర్ణ పక్షం వారు అతడు కవచకుండలాలను దానం చేసిన సంగతిని, ఇంద్రుడిచ్చిన శక్తిని ఘటోత్కచునిపై వినియోగించవలసి వచ్చిన సంగతిని, రథచక్రం క్రుంగిన సమయంలో మరణించిన సంగతిని గుర్తుచేస్తారు. ఇవన్నీ భారతంలోనివే.

తెలుగునాట కర్ణుడిపై గల అభిమానానికి నాటకాలు, చలనచిత్రాలు కూడా కారణం. నందమూరి తారక రామారావు స్వీయ దర్శకత్వంలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు పాత్రలను తానే ధరించిన దానవీరశూరకర్ణ 1977లో విడుదలైనది.

బుజ్జి వాహనం

బుజ్జి కేవలం గ్రాఫిక్స్ రూపం కాదు. చిత్రం కోసం నిజంగా నడిచే వాహనం తయారుచేయబడినది. దర్శకుడు 2022 మార్చిలో ట్విట్టర్ ద్వారా ఆనంద్ మహీంద్రాను సాంకేతిక సహాయం కోరాడు. మహీంద్రా సంస్థ ఇంజనీర్లు, కోయంబత్తూరుకు చెందిన జయం ఆటోమోటివ్స్ కలిసి దీనిని నిర్మించారు. 2024 మే 22న హైదరాబాదులోని రామోజీ ఫిల్మ్ సిటీలో దీనిని ప్రదర్శించారు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనుక గోళాకారపు చక్రం ఒకటి దీని ప్రత్యేకత.

ప్రకటించిన వివరాలు:

బరువు: సుమారు 6 టన్నులు
పొడవు: 6,075 మిల్లీమీటర్లు
వెడల్పు: 3,380 మిల్లీమీటర్లు
విద్యుత్ మోటార్ల సామర్థ్యం: 94 కిలోవాట్లు
బ్యాటరీ: 47 కిలోవాట్ గంటలు
టార్క్: 9,800 న్యూటన్ మీటర్లు

వీటిలో చర్చకు వచ్చినది టార్క్. చిన్న పెట్రోలు కారు ఇంజను టార్క్ 100 న్యూటన్ మీటర్లకు అటూఇటూగా ఉంటుంది. దానితో పోలిస్తే 9,800 నమ్మశక్యం కానిదిగా తోస్తుంది. కాని గేర్లు వేగాన్ని తగ్గించి టార్కును పెంచుతాయి. అదే చిన్న కారుకు మొదటి గేరులో చక్రాల వద్ద వెయ్యికి పైగా న్యూటన్ మీటర్లు లభిస్తాయి. సామర్థ్యం అనగా టార్కును భ్రమణ వేగంతో గుణించగా వచ్చేది. 94,000 వాట్లను 9,800తో భాగిస్తే సెకనుకు 9.6 రేడియన్లు, అనగా నిమిషానికి సుమారు 92 చుట్లు వస్తుంది. ఇంత తక్కువ వేగం మోటారుది కాదు, చక్రానిది. అందువలన 9,800 అనేది చక్రాల వద్ద లభించే టార్క్ అని గ్రహించాలి. చక్రం వ్యాసార్ధం 60 సెంటీమీటర్లనుకుంటే, పూర్తి టార్క్ లభించే గరిష్ఠ వేగం గంటకు సుమారు 21 కిలోమీటర్లు. ఆరు టన్నుల బరువును కదిలించడానికి ఇది తగినది, వెంబడించి పట్టుకోవడానికి తగినది కాదు.

47 కిలోవాట్ గంటల బ్యాటరీ 94 కిలోవాట్ల పూర్తి సామర్థ్యంతో నడిస్తే సరిగా అరగంటలో ఖాళీ అవుతుంది. చిత్రంలో బుజ్జి ఎగురుతుంది కూడా. దాదాపు ఇంతే బరువుతో ఎగిరే ధ్రువ్ హెలికాప్టరుకు, ఒక్కొక్కటి సుమారు 1,000 కిలోవాట్ల ఇంజన్లు రెండు అవసరమవుతాయి. నిజమైన బుజ్జి సామర్థ్యం అందులో ఇరవయ్యవ వంతు కూడా లేదు. రోడ్డుపై నడిచిన వాహనం ఇంజనీర్ల పని, ఆకాశంలో ఎగిరినది చిత్రకారుల పని.

ప్రాముఖ్యత

చలనచిత్రాలలోని కల్పనలు కాలక్రమంలో మూలకథగా స్థిరపడడం తెలుగువారికి కొత్త కాదు. 1957 నాటి మాయాబజార్ వలన శశిరేఖా పరిణయం భారతంలోని కథ అని అనేకులు భావిస్తారు. వ్యాసభారతంలో శశిరేఖ పాత్ర లేదు. ఆ కథ జనపదాలలో, నాటకాలలో ప్రచారం పొందినది. కల్కి చిత్రం కూడా అటువంటిదే. అశ్వత్థామ కథను మొదటిసారిగా ఈ చిత్రం ద్వారా తెలుసుకున్న బాలలు అనేకులు. వారికి మణిని తీసుకున్నది శ్రీకృష్ణుడే, శాపకాలం 6000 సంవత్సరాలే.

ఈ కారణం చేత పై చర్చలకు వినోదాన్ని మించిన ప్రయోజనం ఉన్నది. శాపం గురించిన వాదన సౌప్తిక పర్వాన్ని, సంవత్సరం గురించిన వాదన పంచాంగాన్ని, టార్క్ గురించిన వాదన భౌతిక శాస్త్రాన్ని పరిశీలించే అవసరాన్ని కల్పించాయి. తిక్కన రచించిన ఆంధ్ర మహాభారత పర్వాలలో సౌప్తిక పర్వం కూడా ఉన్నది కాబట్టి మూలకథను తెలుగులోనే చదువుకొనవచ్చును.

ఇవి కూడా చూడండి

అశ్వత్థామ
ఆదిత్య 369
కలియుగం
కల్కి అవతారం
మాయాబజార్
సౌప్తిక పర్వము