కాన్‌స్టాంటిన్ ప్యాట్స్ (1874-1956)

మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఏర్పడిన కొత్త రాజ్యాలలో ఎస్టోనియా ఒకటి. దాని స్థాపకులలో ముఖ్యుడు కాన్‌స్టాంటిన్ ప్యాట్స్. న్యాయశాస్త్రం చదివిన ఇతడు 1901లో టాలిన్‌లో ఒక పత్రికను ప్రారంభించాడు. 1905 విప్లవం తరువాత జారు ప్రభుత్వం మరణశిక్ష విధించగా విదేశాలకు తప్పించుకున్నాడు. 1918 ఫిబ్రవరి 24న, రష్యన్ సేనలు వెళ్లి జర్మన్ సేనలు రాకముందే, స్వాతంత్ర్యం ప్రకటించిన ముగ్గురు సభ్యుల సంఘంలో ఇతడు ఒకడు. తాత్కాలిక ప్రభుత్వానికీ ఇతడే అధిపతి.

1920 రాజ్యాంగం ప్రకారం పార్లమెంటుదే పైచేయి. మంత్రివర్గాలు తరచు కూలిపోయేవి. ఆర్థిక మాంద్య కాలంలో మాజీ సైనికుల ఉద్యమం బలపడింది. 1934 ఎన్నికలలో అది గెలిచే సూచనలు కనిపించాయి. మార్చి 12న ప్యాట్స్, సేనాని లైడోనర్ తోడ్పాటుతో అత్యవసర పరిస్థితి విధించి, ఆ ఉద్యమ నాయకులను నిర్బంధించాడు, ఎన్నికలు నిలిచిపోయాయి. ఆరు నెలలకని మొదలైన ఆ పరిస్థితి ఏళ్ల తరబడి సాగింది. 1935లో పార్టీలను నిషేధించారు. 1938లో ప్యాట్స్ అధ్యక్షుడయ్యాడు.

1940లో సోవియట్ సేనలు దేశాన్ని ఆక్రమించాయి. రష్యాకు తరలించబడిన ప్యాట్స్, 1956లో అక్కడి మానసిక చికిత్సాలయంలో మరణించాడు. 1990లో అతని అవశేషాలను టాలిన్‌కు తెచ్చి ఖననం చేశారు.

ప్యాట్స్ దేశాన్ని కాపాడాడా, ప్రజాస్వామ్యాన్ని అంతం చేశాడా? మీరు సమాధానం రాసేటప్పుడు రెండు ప్రశ్నలను వేరుచేయండి: 1934లో ముప్పు ఎంతవరకు నిజం? అది తొలగిన తరువాత కూడా అధికారాలను ఎందుకు వదులుకోలేదు? మొదటిదానికి దొరికే జవాబు రెండవదానికి జవాబు కాదని గుర్తుంచుకోండి.